బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌పై ప్రాజెక్టు: పాత పరిశోధనలను చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను ఎం.ఎస్సీ. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది పాత నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె. మా మండలంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో ప్రాజెక్టుగా చేయాలనుకుంటున్నాను. ముందు లిటరేచర్ రివ్యూ రాసి తీసుకురమ్మని మా గైడ్ అన్నారు. నెట్‌లో వెతికితే వేల పేపర్లు కనిపిస్తున్నాయి. కనీసం యాభై చదవాలని సీనియర్లు చెబుతున్నారు. డిగ్రీ వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్ పేపరు ఒకటి చదవడానికి రెండు రోజులు పడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: యాభై అన్న మాటను ముందు మనసులోంచి తీసేయండి. ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు పదిహేను, ఇరవై పేపర్లు శ్రద్ధగా చదివి, వాటి గురించి ఎవరు ఏమడిగినా చెప్పగలిగితే చాలు. పేర్లు మాత్రమే తెలిసిన యాభై పేపర్ల కంటే అది ఎంతో మేలు.

ఎవరెవరు ఏం రాశారో వరసగా అప్పజెప్పడమే లిటరేచర్ రివ్యూ అని చాలామంది అనుకుంటారు. మీ గైడ్ మీ నుంచి కోరేది మరొకటి. మీరు ఎంచుకున్న విషయంలో ఇప్పటికే ఏం తేలింది, ఎక్కడ పరిశోధకుల మాట కలవలేదు, ఎవరూ చూడనిది ఏమైనా మిగిలి ఉందా, మీ పని అందులో దేనికి పనికొస్తుంది అన్నది తెలియాలి. అందువల్ల పేపర్లు దించుకోవడానికి ముందే మీ ప్రశ్నను కాస్త పదును పెట్టుకోండి. ‘మా మండలంలో ఫ్లోరైడ్ ఎంత ఉంది’ అని వెతికితే అన్ని పేపర్లూ కావలసినవిగానే కనిపిస్తాయి. ‘వానలకు ముందు, వానల తర్వాత బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎలా మారుతోంది’ అని అడిగితే మూడొంతులు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి. ‘లోతు బోర్లలో ఎక్కువా, తక్కువ లోతు బావుల్లో ఎక్కువా’ అన్నదీ మంచి ప్రశ్నే. ఇప్పుడు అనుకున్నదే చివరిదాకా ఉండాలని లేదు, చదువుతున్నకొద్దీ మారుతుంది. కానీ ఏ ప్రశ్నా లేకుండా మొదలుపెడితే ఏ పేపరు వదిలేయాలో తెలియక సెమిస్టరంతా గడిచిపోతుంది.

మొదటి వారంలో మూడే మూడు చదవండి. ఒకటి, గత ఐదారేళ్లలో వచ్చిన సమీక్షా వ్యాసం, అంటే మన దేశంలో భూగర్భ జలాల ఫ్లోరైడ్‌పై వచ్చిన పనినంతా ఒకచోట చర్చించిన రివ్యూ పేపరు. రెండు, మీ ప్రాంతానికి దగ్గరలో జరిగిన ఒక పరిశోధన. మూడు, శోధ్‌గంగాలో దొరికే ఒక పీహెచ్‌డీ థీసిస్. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ భాండారంలో దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉచితంగా చదువుకోవచ్చు. అక్కడ చాలా థీసిస్‌లను అధ్యాయాలవారీగా విడి ఫైళ్లుగా పెడతారు. సాధారణంగా రెండో అధ్యాయమే పూర్వ పరిశోధనల సమీక్ష. అది ఒక్కటి తెరిస్తే ఈ విషయంలో ఎవరి పని ముఖ్యమో మీకు తెలుస్తుంది. దాన్ని దారి తెలుసుకోవడానికే వాడుకోండి, అందులోని వాక్యాలను ఎత్తి మీ రివ్యూలో పెట్టకండి. విద్యాసంస్థల్లో రచనా చౌర్యాన్ని అరికట్టేందుకు యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు పీజీ స్థాయికీ వర్తిస్తాయి. ఇతరుల రాతతో సారూప్యం 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి.

ఈ మూడింటి నుంచి వెనక్కి, ముందుకి నడవండి. వెనక్కి అంటే, మూడింటి చివరా ఉన్న రెఫరెన్సుల్లో పదేపదే కనిపించే పేర్లను గుర్తించి ఆ పేపర్లు వెతకడం. ముందుకి అంటే, గూగుల్ స్కాలర్‌లో ఒక పేపరు కింద కనిపించే ‘సైటెడ్ బై’ లంకెను నొక్కి, దాన్ని ఆ తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూడటం. సెర్చ్ పెట్టెలో పదాలు కొడుతూ వెతకడం కంటే ఈ దారిలో మంచి పేపర్లు త్వరగా చేతికి వస్తాయని నా గట్టి నమ్మకం.

పదాలతో వెతికేటప్పుడు మీ ప్రాంతం వారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, తప్పకుండా గుర్తుపెట్టుకోండి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగింది. పాత నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడ్డాయి. మీ మండలం ఈ రోజు యాదాద్రి జిల్లాలో ఉన్నా, అంతకు ముందు వచ్చిన పేపర్లలో అది నల్లగొండ పేరుతోనే ఉంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే హైదరాబాద్ రాష్ట్రం వస్తుంది. నల్లగొండ ఫ్లోరోసిస్‌పై (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పేపరు శీర్షికలో ‘హైదరాబాద్ దక్కన్’ అనే ఉంది. ఆంధ్ర వైపు కూడా అంతే. మన దేశంలో ఫ్లోరోసిస్‌పై తొలి నివేదికలు 1937లో నెల్లూరు జిల్లా నుంచి వచ్చాయి. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో కొత్తగా ఏర్పడిన, తర్వాత ప్రకాశంగా పేరు మారిన జిల్లాలో కలిశాయి. ప్రకాశం పేరుతో మాత్రమే వెతికేవారికి ఆ తొలి పని కనిపించదు. కాబట్టి మీ మండలం పాత పేర్లు, ఇప్పటి పేర్లు, ఇంగ్లిష్‌లో ఎన్ని విధాల రాస్తారో అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెతకండి. ఏ తేదీన ఏ పదాలతో వెతికారో కూడా నమోదు చేసుకోండి, తర్వాత గైడ్ అడిగితే చూపించవచ్చు.

డబ్బు కట్టమని అడిగే పేపర్లను చూసి ఆగిపోకండి. గూగుల్ స్కాలర్‌లో అదే పేపరుకు ఉన్న ఇతర ప్రతుల్లో ఉచిత పీడీఎఫ్ తరచు దొరుకుతుంది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద సుమారు 13,000 అంతర్జాతీయ జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందేమో లైబ్రేరియన్‌ను అడగండి. లేకపోతే పేపరు రాసినవారికే మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ పంపండి, చాలామంది సంతోషంగా పంపిస్తారు. జర్నళ్లతోనే ఆగకుండా కేంద్ర భూగర్భ జల మండలి, రాష్ట్ర భూగర్భ జల శాఖల నివేదికలు కూడా చూడండి. మీ మండలానికి దగ్గరి అంకెలు అక్కడే దొరికే అవకాశం ఎక్కువ.

ఇక మీరు ఎక్కువగా బాధపడుతున్న విషయం, ఇంగ్లిష్. మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా చదవడం వల్లే రెండు రోజులు పడుతోంది. ముందు ఆబ్‌స్ట్రాక్ట్, అంటే మొదట్లో ఉండే సారాంశం, చదవండి. తర్వాత నేరుగా పట్టికలు, పటాల దగ్గరికి వెళ్లండి. అంకెలకు ఏ మీడియమూ లేదు కదా. ఆపైన ముగింపు చదవండి. అప్పటికీ ఆ పేపరు మీ ప్రశ్నకు పనికొస్తుందనిపిస్తేనే పద్ధతుల భాగంలోకి దిగండి, అక్కడ మాత్రం ఒక్క వాక్యం కూడా వదలకండి. ఉపోద్ఘాతాన్ని చివరికి ఉంచుకోండి. ఈ రంగంలో తిరిగి తిరిగి వచ్చే పదాలు వందకు మించవు, నాలుగైదు పేపర్లు అయ్యేసరికి అలవాటవుతాయి. నోట్సు తెలుగులోనే రాసుకోండి. పేపరు మూసేసి, అందులో ఏం తేలిందో మీ మాటల్లో ఐదారు పంక్తులు తెలుగులో రాస్తే అర్థమైందో లేదో మీకే తెలిసిపోతుంది. పైగా ఆ నోట్సు నుంచి ఇంగ్లిష్‌లో రాసినప్పుడు వాక్యం మీదే అవుతుంది, ఎవరిదో నకలు కాదు.

నోట్సుతోపాటు ఒక పట్టిక తప్పనిసరి. ఎక్సెల్‌లో వేసినా, పొడవాటి నోటు పుస్తకంలో గీసినా ఒకటే. ఒక్కో పేపరుకు ఒక్కో అడ్డు వరస. ఏ ఊళ్లు, ఏ నెలలో నమూనాలు తీశారు, ఎన్ని, బోరు లోతు చెప్పారా, ఫ్లోరైడ్‌ను ఎలా కొలిచారు, ఏ పరిమితితో పోల్చారు, ఏం తేల్చారు, నాకు వచ్చిన సందేహం – ఇవి నిలువు గడులు. కొలత గడిని తేలిగ్గా తీసుకోకండి. కొందరు ఫ్లోరైడ్‌ను మాత్రమే గుర్తించే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ అనే పరికరంతో కొలుస్తారు, కొందరు స్పాడ్న్స్ అనే రంగు పద్ధతి వాడతారు. నీటిలోని అల్యూమినియం వంటి పదార్థాలు రంగు పద్ధతి ఫలితాన్ని పక్కకు జరుపుతాయి. పరిమితి గడి సంగతీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం 1.0 దాకా ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా అనుమతిస్తారు. ఒకరు 1.0తో, మరొకరు 1.5తో పోల్చి ‘ఇన్ని శాతం బోర్లు సురక్షితం కావు’ అని రాస్తే ఆ రెండు శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చలేం. పట్టిక వేసుకున్నవారికే ఇది కంటపడుతుంది.

రాసేటప్పుడు ఈ పట్టికను అడ్డంగా కాకుండా నిలువుగా చదవండి. ‘ఫలానా వారు ఫలానా ఏడాది ఫలానా మండలంలో నమూనాలు తీసి ఫ్లోరైడ్ ఎక్కువ ఉందని కనుగొన్నారు. మరొకరు మరో మండలంలో...’ అంటూ సాగే రివ్యూను ఏ గైడూ రెండో పేజీ దాటి చదవరు. దీనికి బదులు ఇలా మొదలుపెట్టవచ్చు: ‘వానలకూ ఫ్లోరైడ్‌కూ ఉన్న సంబంధంపై ఏకాభిప్రాయం లేదు. కొన్ని అధ్యయనాల్లో వానల తర్వాత నీరు పలుచబడి ఫ్లోరైడ్ తగ్గింది. మరికొన్నింటిలో ఇంకిన నీరు నేలలోని లవణాలను కరిగించుకుని దిగడం వల్ల పెరిగింది. ఈ తేడాకు శిలల స్వభావం, బోరు లోతు, నమూనా తీసిన నెల కారణాలు కావచ్చు.’ ఇలా రాసేసరికి మీ పని ఎక్కడ ఇముడుతుందో దానంతటదే తెలుస్తుంది. ఒకే మండలంలో, ఒకే శిలలో, వేర్వేరు లోతుల బోర్ల నుంచి రెండు కాలాల్లో నమూనాలు తీస్తే ఆ వాదనకు మీ వంతు ఆధారం చేరుతుంది.

మీ పని ఇమిడే ఇంకో చోటును కూడా పరిశీలించమంటాను. 2016కు ముందు వచ్చిన పేపర్లు చాలావరకు జనం బోరు నీళ్లే తాగుతున్నారన్న లెక్కతో రాసినవి. ఇంటింటికీ కుళాయి నీరిచ్చే మిషన్ భగీరథ పథకం నీళ్లు వచ్చాక తాగే నీరు వేరు, బోరు నీరు వేరు అయిన ఊళ్లు ఉన్నాయి. మీ ఊళ్లో బోరు నీళ్లు ఇప్పుడు దేనికి వాడుతున్నారు? వంటకా, పశువులకా, పొలానికా? పాత పేపర్ల ఆరోగ్య అంచనాలు ఇప్పటికీ నిలుస్తాయా అని అడగడానికి ఆ ఊళ్లో పెరిగిన మీకంటే తగినవారు ఎవరు? నడుములు వంగిన పెద్దలను చిన్నప్పటి నుంచి చూసిన ప్రాంతం మీది. ఆ ఎరుకను పరిశోధనకు పనికిరానిదని పక్కన పెట్టకండి.

రెఫరెన్సుల కోసం జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మొదటి రోజే పెట్టుకోండి. చివరి వారంలో రెఫరెన్సులు ఏరుకునే బాధ తప్పుతుంది. చాట్‌జీపీటీ వంటివాటిని కష్టమైన పేరా వివరించమని అడగండి, తప్పులేదు. రెఫరెన్సులు ఇమ్మని మాత్రం అడగకండి. అవి లేని పేపర్లను కూడా శీర్షిక, రచయితలు, ఏడాదితో సహా సృష్టించి ఇస్తాయి. ప్రతి పేపరునూ దాని డీఓఐ (ఆ పేపరుకు మాత్రమే ఉండే గుర్తింపు) సంఖ్యతో తెరిచి, కళ్లతో చూశాకే మీ జాబితాలో చేర్చండి.

వచ్చే వారం గైడ్ దగ్గరికి వెళ్లేటప్పుడు పూర్తి రివ్యూ పట్టుకెళ్లాలని చూడకండి. పదును పెట్టిన ప్రశ్న ఒక వాక్యంలో, మూడు పేపర్లతో నింపిన పట్టిక, ‘ఇక్కడ వీళ్ల మాట కలవడం లేదు’ అని మీకు తోచిన ఒక్క పేరా – ఇవి ఒకే పేజీలో పెట్టి చూపించండి. మీ కాలేజీ ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్ ఉందా, రంగు పద్ధతే గతా అన్నది ఆ రోజే అడిగి తెలుసుకోండి. మిగతా పేపర్లలో ఏ పద్ధతి వాటిని ముందు చదవాలో దాన్నిబట్టి తేల్చుకోవచ్చు.