పాత వీడియో గేమ్‌లకు ఇతర కంపెనీలు చేసిన కంట్రోలర్లలో దిశల బటన్ ఎందుకు తప్పుతుంది?

విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్న చౌక కంట్రోలర్‌తో కుడివైపు నొక్కినా బొమ్మ ఎందుకు తడబడుతోందని అడిగారు. ఇలాంటి వాటిలో లోపం తరచుగా దిశల బటన్ అడుగునే ఉంటుంది. జపాన్ ఆటల కంపెనీ నింటెండోలో గున్‌పే యొకోయ్ రూపొందించగా 1982లో చేతిలో పట్టుకుని ఆడే డాంకీ కాంగ్ ఆటతో వచ్చిన ప్లస్ ఆకారపు దిశల బటన్ ఒక చివర నొక్కితే ఎదుటి చివర త్రాసులా పైకి లేస్తుంది; టీవీకి తగిలించి ఆడే నింటెండో పాత గేమ్ యంత్రం ఎన్‌ఈఎస్ కంట్రోలర్‌లో ఈ పని చేసేది బటన్ నడుమ అడుగున ఉండే చిన్న ఆధారం. దాన్ని సరిగా అమర్చని కంట్రోలర్లలో కుడి, ఎడమలు ఒకేసారి పడతాయి, ఆ కలయికను లెక్కలోకి తీసుకోని ఆటలు వింతగా ప్రవర్తిస్తాయి. నా దృష్టిలో ఇది బటన్ల కింద ఉండే రబ్బరు అరగడం కన్నా పెద్ద దోషం, ఎందుకంటే రబ్బరును మార్చుకోవచ్చు గాని అచ్చులోనే లేని ఆధారాన్ని తర్వాత తేవడం చాలా కష్టం. కొనేటప్పుడు బటన్‌ను సరిగ్గా నడుమ నొక్కి చూడండి. నాలుగు చివరలూ కలిసి లోపలికి దిగిపోతే ఆ కంట్రోలర్‌ను తీసుకోవద్దు.