వైరస్ స్థిరపడని కణాలు కూడా ఎందుకు చనిపోతాయి?

ప్రశ్న: మా అన్నయ్యకు హెచ్.ఐ.వి. ఉందని నాలుగేళ్ల కిందట తెలిసింది. అప్పుడు సీడీ4 కణాల (రోగనిరోధక శక్తిని నడిపించే ఒక రకం తెల్ల రక్తకణాల) సంఖ్య ఘన మిల్లీమీటరు రక్తంలో 180 ఉండేది. ప్రభుత్వ ఏ.ఆర్.టి. (హెచ్.ఐ.వి. చికిత్స) కేంద్రంలో ఇచ్చే మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నాడు. రక్తంలో వైరస్ కనిపించడం లేదని చెప్పారు గానీ, సీడీ4 మాత్రం 340 దగ్గరే ఆగిపోయింది. ఏ సమయంలో చూసినా వైరస్ కొద్ది కణాల్లోనే ఉంటుందని నేను బీఎస్సీలో చదువుకున్నాను. అలాంటప్పుడు ఇన్ని కణాలు ఎలా నశిస్తాయి? వైరస్ కనిపించడం లేదు కనుక మాత్రలు కొన్నాళ్లు ఆపవచ్చా అని అన్నయ్య అడుగుతున్నాడు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందుగా మీ అన్నయ్యగారి ప్రశ్నకు సమాధానం: ఆపకూడదు. ఎందుకు ఆపకూడదో మీ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటే దానంతట అదే తేలుతుంది.

హెచ్.ఐ.వి. తాను పట్టుకున్న సీడీ4 కణంలోకి దూరి, అక్కడ తన ప్రతులు తయారుచేసుకుని, ఆ కణాన్ని చంపి బయటికి వస్తుందని మొదట్లో అందరూ అనుకున్నారు. అది అబద్ధం కాదు. చికిత్స లేని రోగి శరీరంలో రోజుకు దాదాపు వెయ్యి కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయనీ, వాటిని పుట్టిస్తున్న కణాలు సగటున సుమారు రెండు రోజులే నిలుస్తాయనీ 1995, 96 సంవత్సరాల్లో డేవిడ్ హో, జార్జ్ షా తదితర శాస్త్రవేత్తల పరిశోధనలు చూపించాయి. అలాంటి కణాలు కొన్ని వైరస్ ప్రొటీన్ల దెబ్బకు, కొన్ని వైరస్ తన జన్యువును కణం డీఎన్ఏలో అతికించేటప్పుడు జరిగే నష్టానికి, మరికొన్ని వైరస్ సోకిన కణాలను చంపే మన సొంత సీడీ8 కణాల దాడికి చనిపోతాయి. అయితే మీరన్నట్టు ఇవి మొత్తం సీడీ4 కణాల్లో చాలా కొద్ది భాగమే. నష్టమంతటికీ ఈ లెక్క సరిపోదు.

మిగతా లెక్క శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థలో వార్నర్ గ్రీన్, గిలాడ్ డోయిట్ష్ బృందం చేసిన పనితో చాలావరకు తేలింది. వారు రక్తంతో సరిపెట్టుకోకుండా మనిషి టాన్సిల్స్, ప్లీహం కణజాలాన్ని ప్రయోగశాలలో బతికించి, అందులోకి వైరస్‌ను వదిలి చూశారు. శరీరంలోని లింఫోసైట్లలో (సీడీ4 కణాలు చేరిన తెల్ల రక్తకణాల జాతిలో) రక్తంలో తిరిగేవి రెండు శాతం మాత్రమే, తక్కినవి లింఫ్ గ్రంథుల్లో, పేగుల గోడల్లో ఉంటాయి కనుక ఆ ఎంపికే ఈ పరిశోధనకు ప్రాణం అని నా అభిప్రాయం. అక్కడ చనిపోతున్న కణాల్లో సుమారు 95 శాతం వైరస్‌ను ఉత్పత్తి చేస్తున్నవి కావు. అవి విశ్రాంతి దశలో ఉన్న కణాలు. వైరస్ వాటిలోకి ప్రవేశించి తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చుకోవడం మొదలుపెడుతుంది గానీ, అందుకు కావలసిన ముడిసరుకు అక్కడ చాలినంత లేక పని మధ్యలోనే ఆగిపోతుంది. అసంపూర్తి డీఎన్ఏ ముక్కలు కణద్రవంలో మిగిలిపోతాయి. ఐఎఫ్ఐ16 అనే ప్రొటీన్ వాటిని పరాయి డీఎన్ఏగా పసిగట్టి హెచ్చరిక పంపుతుంది. దాంతో కాస్పేజ్-1 అనే ఎంజైము చురుకై, కణం ఉబ్బి, పొర చిరిగి పగిలిపోతుంది. వైరస్ ఆ కణంలో గెలవనే లేదు. కణమే ఎలుకకు భయపడి ఇల్లు తగలబెట్టుకున్నట్టు తనను తాను చంపుకుంది.

ఈ మరణాన్ని పైరాప్టోసిస్ అంటారు. అపాప్టోసిస్‌లో కణం చప్పుడు లేకుండా ముడుచుకుపోతే, ఇందులో కణం లోపలి పదార్థాలు, ముఖ్యంగా ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే హెచ్చరిక ప్రొటీన్, బయటికి చిమ్మి చుట్టూ ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) రేపుతాయి. దాన్ని చల్లార్చడానికి వచ్చే వాటిలో మరిన్ని సీడీ4 కణాలు ఉంటాయి, అవీ ఇదే దారి పడతాయి. సోకిన తొలి వారాల్లోనే పేగుల్లోని సీడీ4 కణాలు భారీగా నశించి, పేగు గోడ బలహీనపడి, బ్యాక్టీరియా పదార్థాలు రక్తంలోకి జారడం వల్ల ఈ ఇన్‌ఫ్లమేషన్ ఇంకా పెరుగుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని సూటీ మాంగబీ కోతుల రక్తంలో హెచ్.ఐ.వి. లాంటి వైరస్ ఎంతో ఎక్కువగా ఉన్నా వాటికి సాధారణంగా ఎయిడ్స్ రాదు. వాటి శరీరం ఎడతెగని ఇన్‌ఫ్లమేషన్‌లోకి జారదు. వైరస్ ఎంత ఉన్నదన్నది ఒక్కటే కాక, శరీరం దానికి ఎలా స్పందిస్తున్నదన్నది కూడా రోగ గతిని నిర్ణయిస్తుందనడానికి ఇది బలమైన ఆధారం.

ఇక మీ అన్నయ్యగారి 340 సంగతి. మందులు కొత్త వైరస్‌ల పుట్టుకను ఆపడంతో కణాల మరణం బాగా తగ్గుతుంది. కానీ ఏళ్ల తరబడి సాగిన ఇన్‌ఫ్లమేషన్ వల్ల లింఫ్ గ్రంథుల్లో మచ్చ కణజాలం ఏర్పడి, కొత్త సీడీ4 కణాలు నిలదొక్కుకునే చోటు తగ్గిపోతుంది. చికిత్స 180 వంటి తక్కువ సంఖ్య దగ్గర మొదలైనవారిలో, వయసు పైబడినవారిలో పెరుగుదల నెమ్మదించడం, కొంతదూరం వచ్చి ఆగడం తరచూ చూసేదే. అది మందు పనిచేయడం లేదనడానికి గుర్తు కాదు. ఎయిడ్స్‌కు గీతగా పెట్టుకున్న 200ను దాటి వచ్చారు, వైరస్ అదుపులో ఉంది. ఇది నిజంగా మంచి ఫలితం.

మాత్రలు ఆపితే ఏమవుతుందో ఊహించనక్కరలేదు. సీడీ4 సంఖ్య 350 పైన ఉన్నప్పుడు మందు ఆపి, 250 కంటే పడిపోయినప్పుడు మళ్లీ మొదలుపెట్టే పద్ధతిని స్మార్ట్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో 5,472 మందితో పరీక్షించారు. ఆపినవారిలో అవకాశవాద వ్యాధులు (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు దాడిచేసేవి), మరణాలు ఎక్కువ కావడంతో దాన్ని మధ్యలోనే నిలిపివేయవలసి వచ్చింది. ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మీ అన్నయ్యగారి సంఖ్య ఆ అధ్యయనంలో మందు ఆపడానికి పెట్టుకున్న గీత దాకా కూడా రాలేదు. పరీక్షకు అందకపోయినా, కొన్ని కణాల డీఎన్ఏలో వైరస్ జన్యువు నిద్రాణంగా ఉంటుంది. మాత్రలు ఆగిన కొద్ది వారాల్లోనే సాధారణంగా అది మేల్కొంటుంది, పైన చెప్పిన వలయం మళ్లీ మొదలవుతుంది.

మాత్రల వల్ల నిద్ర పట్టకపోవడం, బరువు పెరగడం వంటి ఇబ్బంది ఏదైనా ఉండి ఆయన ఈ మాట అడుగుతున్నారేమో నెమ్మదిగా కనుక్కోండి. అదే కారణమైతే ఏ.ఆర్.టి. కేంద్రంలోని వైద్యుడికి చెబితే వేళ మార్చడమో, మందు మార్చడమో చేయగలరు. రాత్రిపూట జ్వరం, విడవని దగ్గు కనిపిస్తే క్షయ పరీక్ష కూడా చేయించండి. సీడీ4 ఈ స్థాయిలో ఉన్నవారికి క్షయ భయం ఇతరులకంటే ఎక్కువ.