ఫిష్‌బోన్ చార్ట్ గీస్తే అసలు కారణం దొరుకుతుందా?

లైన్‌లో రిజెక్షన్ పెరిగిందని మీ మేనేజర్ ఫిష్‌బోన్ చార్ట్ (చేప ముల్లులా గీసే బొమ్మ: తల దగ్గర సమస్య, ముళ్ల మీద కారణాలు) గీయమన్నారు, దానివల్ల నిజంగా లాభం ఉంటుందా అని మీరు అడిగారు. ఉంటుందండీ. కానీ ఎక్కడెక్కడ వెతకాలో మాత్రమే ఆ బొమ్మ చూపిస్తుంది. వెతకడానికి మెషిన్ దగ్గరికి మనమే వెళ్లాలి.

నేను చెన్నై అంబత్తూరులో ఒక మెషినింగ్ యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. ఒక వేసవిలో అల్యూమినియం హౌసింగులు వరసగా రిజెక్ట్ అయ్యాయి. 60 మి.మీ. బోరు, అంటే లోపలి గుండ్రటి రంధ్రం, చిన్నదిగా వస్తోంది. చేప తల దగ్గర ఇలాగే రాయండి: ఏ కొలత, ఏ మెషిన్, ఏ షిఫ్ట్. 'రిజెక్షన్ ఎక్కువ' అని రాస్తే ఎటూ తేలదు.

జపాన్ క్వాలిటీ నిపుణుడు కౌరు ఇషికావా ప్రచారంలోకి తెచ్చిన ఈ బొమ్మలో మామూలుగా ఆరు ముళ్లు వేస్తారు: మనుషులు, మెషిన్, మెటీరియల్, పద్ధతి, కొలత, వాతావరణం. మా మీటింగులో 'మనుషులు' ముల్లు ఒక్కటే నిండిపోయింది. కొత్త కుర్రాళ్లట, నైట్ షిఫ్టులో నిద్రట, అజాగ్రత్తట. ఆ గదిలో ఒక్క ఆపరేటర్ కూడా లేడు! ఇది అన్యాయం అనిపించి, చార్టును మెషిన్ పక్క గోడకు అంటించాం. తెలుగు, తమిళం, హిందీ, ఏ భాషలోనైనా చీటీ రాయండి, పేరు అక్కర్లేదు అన్నాం.

ఒక చీటీలో ఇలా ఉంది: 'ఇక్కడ ఓకే అయిన పీసు ఏసీ రూములో ఎందుకు ఫెయిలవుతోంది?'

అదే పీసును మెషిన్ నుంచి తీయగానే ఒకసారి, పూర్తిగా చల్లారాక మరోసారి కొలిచాం. తేడా కనిపించింది. అల్యూమినియం డిగ్రీకి, మీటరుకు సుమారు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) వ్యాకోచిస్తుంది. 60 మి.మీ. బోరు 15 డిగ్రీలు చల్లారితే దాదాపు 20 మైక్రాన్లు తగ్గుతుంది. వేడి పీసు కొలతను చూసి ఆఫ్‌సెట్ (మెషిన్‌లో టూల్ స్థానాన్ని సరిచేసే అంకె) మారుస్తుంటే, 20 డిగ్రీల ఏసీ తనిఖీ గదిలో అది చిన్నదిగా తేలక ఏమవుతుంది? మరి వేడిగా ఉండగానే ఎందుకు కొలుస్తున్నారు? చల్లారబెట్టడానికి రాక్ లేదు, టార్గెట్ టెన్షన్ ఒకటి. రాక్ పెట్టించాం, కొలిచే సమయం మార్చాం.

మీరూ ప్రతి చీటీ పక్కన ఎవరు చెక్ చేస్తారు, ఎలా చేస్తారు అని రాయించండి. 'అజాగ్రత్త' అని వస్తే అక్కడ ఆగకండి, ఇంకోసారి ఎందుకని అడగండి. అనుమానించిన కారణాన్ని తీసేస్తే తప్పు ఆగాలి, తిరిగి పెడితే మళ్లీ రావాలి. ఈ రెండూ చూశాకే మేనేజర్‌కు రిపోర్ట్ ఇవ్వండి.