శాంపిల్‌కి కూడా గతం ఉంటుంది తల్లీ

తల్లీ,

ఎయిట్‌సీబీ (8CB) అనే లిక్విడ్ క్రిస్టల్‌లో ఏరోసిల్, అంటే మెత్తటి సిలికా పొడి, కలిపిన శాంపిల్ సోమవారం ఒకలా, మంగళవారం ఇంకోలా కనబడుతోందనీ, మైక్రోస్కోప్ పాడైందేమోననీ టెన్షన్ పడుతూ రాశావు. నాకైతే మైక్రోస్కోప్ మీద అనుమానం లేదు. ఆ శాంపిలే ఇంకా కుదురుకోలేదు.

ఏరోసిల్ రేణువులు ఏడెనిమిది నానోమీటర్లవి, ఒకదాన్నొకటి పట్టుకుని లోపల గూడులా అల్లుకుంటాయి. ఉత్త ఎయిట్‌సీబీని చల్లారిస్తే 41 డిగ్రీల దగ్గర నెమాటిక్, అంటే అణువులన్నీ ఒకే దిక్కుకి తిరుగుతాయి; 34 దాకా వచ్చేసరికి స్మెక్టిక్, అంటే పొరలు పొరలుగా చక్కగా సర్దుకుంటాయి. గూడు ఉంటే మాత్రం అణువుల్ని ఒక్కోచోట ఒక్కో దిక్కుకి లాగుతుంది. ఆ లాగుడు ఎంత బలహీనమైనా దూరం వరకు క్రమం నిలవదని ఇమ్రీ (Imry), మా (Ma) అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు 1975లోనే చూపించారు. చిన్న చిన్న గుంపులుగా సర్దుకోవడానికి అణువులకి లెక్కలేనన్ని దారులున్నాయి, ఒక దారిలో పడ్డాక ఇంకోదానికి మారాలంటే మధ్యలో గట్టు దాటాలి, అందుకే శాంపిల్ గాజులాగా ఎక్కడిదక్కడ చిక్కుకుపోయి గంటల తరబడి మెల్లగా జరుగుతూ ఉంటుంది.

కాబట్టి ఉష్ణోగ్రత ఒక్కటే రాస్తే చాలదు. నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున చల్లార్చావు, ఎంతసేపు ఆగావు, చల్లార్చేటప్పుడు ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఉందా లేదా, ఇవన్నీ ప్రతి రీడింగ్ పక్కన రాయి. నేను చల్లార్చిన వేగం రాసుకోక మూడు నెలల రీడింగులు పారేశాను, ఇప్పటికీ బాధే.

ఒకటి చేసి చూడు. నెమాటిక్‌లో సెల్, అంటే శాంపిల్ నింపిన గాజు పలకల జత, పల్చటి మజ్జిగలా తెల్లగా ఉంటుంది కదా, ఫీల్డ్ పెట్టు, తేటబడుతుంది. ఫీల్డ్ తీసేయి. ఉత్త ఎయిట్‌సీబీ అయితే వెంటనే మునుపటిలా అయిపోతుంది, ఇది మాత్రం చాలావరకు తేటగానే ఉండిపోతుంది. మళ్ళీ మొదటికి రావాలంటే 50 దాకా వేడిచేసి, ప్రతిసారీ అదే వేగంతో చల్లార్చు. సీసీకి 0.1 గ్రాముకన్నా తక్కువ సిలికా వేస్తే గూడు మెత్తగా ఉండి దానంతటదే కాస్త మారిపోతుంది, సెల్‌ని నొక్కినా తెగుతుంది, జాగ్రత్త.

తయారుచేసేటప్పుడు ఏరోసిల్‌ని వాక్యూమ్‌లో వేడిచేసి తేమంతా పోగొట్టు, మన విశాఖ గాలికి అది ఇట్టే చెమ్మ పీల్చేస్తుంది. రెండింటినీ అసిటోన్‌లో కలిపి సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో కుదిపి కలిపే యంత్రంలో) పెట్టాక తొందరపడకుండా, 41కి పైనే ఉంచి, మెల్లగా ఆరనివ్వు. అసిటోన్ చుక్క మిగిలినా ట్రాన్సిషన్, అంటే దశ మారే ఉష్ణోగ్రత, కిందికి జారుతుంది.

సోమవారం, మంగళవారం నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి పంపు, చల్లార్చిన వేగాలు పోల్చి చూద్దాం.

మీ పెద్దనాన్న