హాలోవీన్ సాయంత్రం పియానో మీద ఏం వాయించాలి?

ఇంట్లో డిజిటల్ పియానో ఉంది, గ్రేడ్ 3 (పియానో పరీక్షల్లో మూడో స్థాయి) దాకా నేర్చుకున్నాను, హాలోవీన్ రోజు క్యాండీ కోసం వచ్చే పిల్లలకి వినపడేలా గుబులు పుట్టించే సంగీతం వాయించాలనుంది, ఏది ఎంచుకోవాలి అని అడిగారు. డాలస్ దగ్గర మా ఇంట్లో ఏటా నేను చేసే పని ఇదే. మా వారు గుమ్మం దగ్గర క్యాండీ పంచుతుంటే, నేను ముందు గదిలో కిటికీ తెరిచి వాయిస్తుంటాను. మాకు అక్టోబరు 31న ఆరున్నర దాటితే గానీ చీకటి పడదు. చిన్న పిల్లలు మాత్రం వెలుతురు ఉండగానే వచ్చేస్తారు. అందుకని ఆ సాయంత్రమంతా ఒకే రకం సంగీతం సరిపోదు.

ముందు ఒక లెక్క చూసుకోండి. ఒక్కో పిల్లల గుంపు మీ గుమ్మంలో ఉండేది అర నిమిషం, మహా అయితే నిమిషం. మీరు వాయించేదాంట్లో వాళ్ళ చెవిన పడేది ఎక్కడో ఒక ముక్క. కాబట్టి మొదటి నాలుగు స్వరాలకే గుబులు పుట్టాలి, ఎక్కడ ఆపినా తెగినట్టు అనిపించకూడదు, తిప్పి తిప్పి వాయించినా చేతులు నొప్పెట్టకూడదు. ఈ లెక్కన జాబితాల్లో అందరూ చెప్పే పేర్లు చాలావరకు ఎగిరిపోతాయి. గ్రీగ్ రాసిన 'ఇన్ ద హాల్ ఆఫ్ ద మౌంటెన్ కింగ్' నాకు ప్రాణం. నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం 'పేర్ గింట్' కోసం రాశాడు, 1876లో ఆ నాటకంతో పాటే జనం విన్నారు. మంద్రంలో మెల్లగా మొదలై వేగం, శబ్దం పెరుగుతూ పోతాయి. దాని బలమంతా ఆ పెరగడంలోనే ఉంది. అర నిమిషంలో వెళ్ళిపోయే పిల్లాడికి అది అందదు. ఇంటికి వచ్చి కూర్చున్న స్నేహితుల కోసం దాచుకోండి.

నా మొదటి ఓటు ఎరిక్ సాటీ 'గ్నోసియెన్' మొదటిదానికి. 1890 నాటిది. నోటేషన్ తెరిస్తే అందులో ఆవర్తాల్ని విడదీసే నిలువు బార్ గీతలు ఉండవు, తాళం గుర్తు కూడా ఉండదు. ఎడమ చేయి చేసేది చాలా తక్కువ: మంద్రంలో ఒక స్వరం, దాని మీద మెత్తగా ఒకే కార్డు (కలిపి నొక్కే స్వరాల గుంపు) రెండుసార్లు, మళ్ళీ మంద్రంలో స్వరం. ఇది చివరిదాకా దాదాపు అలాగే నడుస్తుంది. కుడి చేతిలో రాగం నింపాదిగా తిరుగుతూ, అక్కడక్కడ చిన్న స్వరాన్ని తాకి పైకి జారుతుంది. నేను చిన్నప్పుడు విజయవాడలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఎఫ్‌ని షడ్జమం అనుకుని వింటే, పంచమం పక్కనే ప్రతి మధ్యమం, అంటే రెండు మధ్యమాల్లో పైది, తొంగిచూస్తుంటుంది. మన చెవికి అది పరాయిగా అనిపించదు, అలాగని ఊరటా ఇవ్వదు. గ్రేడ్ 3 వాళ్ళకి కాస్త సాధన కావాలి గానీ తప్పకుండా అందుతుంది. తొందరపడకండి. కార్డుకీ కార్డుకీ మధ్య వదిలే ఖాళీలోనే భయం ఉంది. మామూలుగా అనిపించే దానికంటే ఇంకొంచెం ఆగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

రెండోది ఫ్రాంజ్ లిస్ట్ రాసిన 'న్యూయాజ్ గ్రీ', అంటే బూడిద రంగు మబ్బులు. వేళ్ళు కనపడనంత వేగంగా వాయించిన మనిషి, డెబ్బయ్యేళ్ళకి దగ్గర పడ్డాక, 1881లో రాసింది ఇది. ఆ వేసవిలోనే వైమర్‌లో మెట్ల మీంచి పడి దెబ్బతిన్నాడు. ఇందులో ఆర్భాటం ఏమీ లేదు. కింది స్వరాల్లో ఎడమ చేతి వణుకు, పైన విడివిడిగా కొన్ని స్వరాలు, చివర్లో ఎక్కడా స్థిరపడని కార్డు. అయిపోయిందో లేదో వినేవాళ్ళకి తెలియదు. కాబట్టి మళ్ళీ మొదటికి వెళ్ళినా ఎవరూ పట్టుకోలేరు.

బేతోవెన్ 'మూన్‌లైట్' సొనాటా మొదటి భాగం మీకు తెలిసే ఉంటుంది. పూర్తిగా వాయించాలంటే గ్రేడ్ 3కి బరువే, మొదటి పేజీ చాలు. అందులో రాగం మొదలయ్యేది ఒకే స్వరాన్ని పదే పదే పలికించడంతో. ఇదే పనిని రావెల్ 1908లో 'గాస్పార్ ద లా న్యుయి' రెండో భాగంలో భయంకరంగా చేశాడు. ఉరికొయ్య దృశ్యం అది. దూరంగా గంట మోగుతున్నట్టు బి ఫ్లాట్ స్వరం మొదటి నుంచి చివరిదాకా ఆగదు. దాన్ని వాయించడం మన వల్ల కాదు. కానీ ఆ గంటని అరువు తెచ్చుకోవచ్చు. నేను ఒక పీసు అయ్యాక పెడల్ తొక్కి ఉంచి, ఆ స్వరం పలికే నల్ల మెట్టుని (కీని) రెండు స్థాయిల్లో కలిపి, బాగా మెల్లగా, మోత పూర్తిగా చచ్చేదాకా ఆగి ఆగి నొక్కుతాను. క్యాండీ తీసుకుని పరిగెత్తబోయే పిల్లలు అక్కడే ఆగి కిటికీ వంక చూసేది సరిగ్గా అప్పుడే.

పెద్ద పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ వచ్చే వేళకి జాన్ కార్పెంటర్ తన 1978 నాటి 'హాలోవీన్' సినిమాకి తనే కట్టిన పియానో ముక్క పెట్టుకోండి. అది ఐదు దెబ్బల తాళం. ఖండచాపు అలవాటున్నవాళ్ళకి ఐదు కొత్త కాదు గానీ ఇక్కడ విరుపు వేరు: పది చిన్న స్వరాలు 3, 3, 2, 2గా పడతాయి. ముందు చప్పట్లతో వేసి చూసుకున్నాకే పియానో మెట్ల మీదికి వెళ్ళండి.

మీ పియానోలో ఆర్గాన్ టోన్ ఉంటుంది కదా, బాక్ 'టొకాటా అండ్ ఫ్యూగ్ ఇన్ డి మైనర్' మొదటి వరసలు దానిమీద వాయించండి. అది ఆర్గాన్ రచనగానే పేరు పొందింది. మొదట్లో రెండు చేతులూ ఒకే స్వరాల్ని వేరు వేరు స్థాయిల్లో పలుకుతాయి కాబట్టి కష్టం కాదు. అందరూ వెంటనే గుర్తుపడతారు.

వెలుతురు ఉండగా వచ్చే మూడు, నాలుగేళ్ళ పిల్లలకి మాత్రం ఇవేవీ వద్దు. చైకోవ్‌స్కీ 1878లో పిల్లల కోసం రాసిన 24 పీసుల పుస్తకం ఉంది. అందులో మంత్రగత్తె బాబా యాగా మీద చిట్టి పీసు గెంతుతున్నట్టు ఉంటుంది, పిల్లలు నవ్వుతారు. జబ్బు చేసిన బొమ్మ మీద ఇంకోటి ఉంది. అది మెల్లగా, ఖాళీలతో నడుస్తుంది, మీ స్థాయికి అన్నిటికంటే దగ్గర.

షోపాన్ అంత్యయాత్ర సంగీతం నేను వాయించను. 1849లో ఆయన అంత్యక్రియల్లో కూడా అదే వాయించారు. వీధిలో ఈ మధ్యే మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఏదైనా ఉండొచ్చు. కిటికీ దాటి వెళ్ళే శబ్దం ఎవరింట్లో పడుతుందో మన చేతిలో ఉండదు.

పియానోలో రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) 'హాల్'కి పెట్టండి, టోన్ ప్రకాశం తగ్గించండి, వాల్యూమ్ సగం దాటనివ్వకండి. గట్టిగా వినిపిస్తే స్పీకర్ పెట్టారనుకుని వెళ్ళిపోతారు. సన్నగా వస్తే ఎక్కడి నుంచా అని వెతుకుతారు. ముందు గదిలో లైటు ఆర్పేస్తే పియానో మెట్లు కనపడవు, కాబట్టి నోటేషన్ మీద పడేలా చిన్న క్లిప్ లైటు ఒకటి కొనుక్కోండి. ఇంకా టైముంది, ఈ వారం గ్నోసియెన్ ఎడమ చేతితోనే మొదలుపెట్టండి.