పాఠకుల సందేహాలు: మందు తీసుకున్నారు, నయమైంది. ఆ రెంటికీ సంబంధం ఎలా తేల్చాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. 2021 మే నెలలో మా అత్తగారికి కరోనా సోకినప్పుడు మా వారు కృష్ణపట్నం వెళ్లి, గంటల తరబడి వరసలో నిలబడి, అక్కడ ఆనందయ్య గారు కరోనాకు ఇస్తున్న నాటు మందు తెచ్చి ఇచ్చారు. పది రోజుల్లో ఆవిడ లేచి తిరిగారు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా "అమ్మ ఆ మందుతోనే బతికింది" అన్న మాటే వినవలసి వస్తున్నది. ఆవిడకు ఇప్పుడు డెబ్బై దాటాయి, షుగర్ కూడా ఉంది. గత నెలలో దగ్గు, జ్వరంతో నాలుగు రోజులు ఆయాసపడినా మా వారు ఆసుపత్రికి తీసుకువెళ్లలేదు. నేను టీకాల సంగతి ఎత్తితే "చదువుకున్నదానివి, ఊరి మందంటే నీకు చులకన" అంటారు. ఆయన రొయ్యల సాగు చేస్తారు. ఆయనకు ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, ముత్తుకూరు మండలం

జవాబు: అమ్మా, ముందుగా మీ వారు ఆ రోజు చేసిన పనిని తప్పు పట్టకండి. ఆ నెలలో ఒక ఆక్సిజన్ పడక కోసం మన జిల్లాల వాళ్లు ఎన్ని ఆసుపత్రుల గడపలు ఎక్కి దిగారో నేను కళ్లారా చూశాను. కన్నతల్లి ఊపిరి అందక అల్లాడుతుంటే ఏ కొడుకూ చేతులు ముడుచుకుని కూర్చోలేడు. కృష్ణపట్నంలో వరస కట్టిన వేలమందిని అమాయకులని, మూర్ఖులని తీసిపారేసిన మాటలే వారిని వైద్యులకు మరింత దూరం చేశాయని నా అభిప్రాయం.

ఇక ఆ మందు విషయం. మే 21న తట్టుకోలేనంత జనం రావడంతో పంపిణీ ఆగింది. పరీక్షల తర్వాత మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగిలిన వాటికి అనుమతి ఇచ్చింది. చాలామంది ఈ అనుమతిని "మందు పనిచేస్తుందని సర్కారే ఒప్పుకుంది" అని అర్థం చేసుకున్నారు. నిజానికి నివేదికలు చెప్పింది వేరు. వాడితే హాని కనబడలేదన్నారు, కరోనాను తగ్గిస్తుందనడానికి ఆధారం కూడా లేదన్నారు. వైద్యులు ఇచ్చిన మందులు మానవద్దని ప్రభుత్వం అదే నోట చెప్పింది. "హాని లేదు" అన్న మాటకూ "నయం చేస్తుంది" అన్న మాటకూ మధ్య ఉన్న దూరాన్ని ఆ రోజుల్లో ఎవరూ ఓపికగా విడమరచి చెప్పలేదు.

మీ అత్తగారు మందు తీసుకున్న మాట నిజం, ఆవిడకు నయమైన మాటా నిజం. మందు వల్లనే నయమైందా అన్నది వేరే ప్రశ్న. కరోనా సోకినవారిలో అత్యధికులు ఏ మందు లేకుండానే కోలుకున్నారు, కనుక ఆ రోజుల్లో ఏ మందు ఇచ్చినా, ఏమీ ఇవ్వకపోయినా, కోలుకున్నామని సాక్ష్యం చెప్పేవారు వేలల్లో దొరికేవారు. అదే మందు తీసుకుని చనిపోయినవారు సాక్ష్యం చెప్పడానికి రాలేరు.

ఈ లెక్క మీ వారికి కొత్త కాదు. 1990ల మధ్యలో మన తీరంలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన వైట్ స్పాట్ జబ్బుకు కారణం కూడా వైరసే. అది తగిలిన గుంటలో కొద్ది రోజుల్లోనే పంట మొత్తం పోతుంది, దానికి ఇప్పటికీ మందు లేదు. అందుకే మన రైతులు సీడ్‌కు, అంటే రొయ్య పిల్లలకు, వైరస్‌ను కనిపెట్టే పీసీఆర్ పరీక్ష చేయిస్తారు, గట్ల మీద పీతలు రాకుండా, పైన పక్షులు వాలకుండా వలలు కడతారు, జబ్బు పడిన గుంట నీటిని బ్లీచింగ్ చేయకుండా కాలువలోకి వదలకూడదంటారు. రేపు ఎవరో ఒక పొడి పట్టుకొచ్చి "ఇది చల్లితే వైట్ స్పాట్ పోతుంది, ఫలానా రైతు గుంట బాగుపడింది" అంటే మీ వారు వెంటనే కొంటారా? ఎన్ని గుంటల్లో చల్లారు, చల్లినా పోయినవి ఎన్ని, అదే కాలువ మీద చల్లని గుంటలు ఎలా ఉన్నాయి అని అడగరా? ఆ మూడు ప్రశ్నలే అమ్మ మందు గురించి కూడా అడగమనండి. అందులో ఊరి మందును చులకన చేసేది ఏమీ లేదు.

ఇంగ్లీషు మందులను కూడా ఇదే త్రాసులో తూచాలి. 2020 మార్చిలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వైద్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ సూచించింది, నేనూ వేసుకున్నాను, నా తోటివారికీ చెప్పాను. తర్వాత జరిగిన పెద్ద పరీక్షల్లో దాని వల్ల ప్రయోజనం లేదని తేలింది. కోలుకున్నవారి రక్తం నుంచి తీసే ప్లాస్మా కోసం జనం ఫోన్లు పట్టుకుని దాతలను వెతికారు. మన దేశంలోనే 39 ఆసుపత్రులలో 464 మంది మీద జరిపిన పరీక్షలో అది మరణాలను తగ్గించలేదని 2020లోనే తెలిసినా, మార్గదర్శకాల నుంచి దానిని తొలగించింది 2021 మే నెలలో మాత్రమే. ఆ మధ్య కాలంలో రోగుల బంధువులు పడిన పరుగు గుర్తుకు వస్తే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

దీనికి ఎదురుగా డెక్సామెథాసోన్‌ను చూడండి. ఎంతో చౌకైన పాత స్టెరాయిడ్ మందు. బ్రిటన్‌లో సుమారు 2,100 మంది రోగులకు దానిని ఇచ్చి, మామూలు చికిత్స మాత్రమే పొందిన 4,300 మందితో పోల్చారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు నూటికి 41 నుంచి 29కి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ కనబడలేదు. పోల్చి చూశారు కనుకనే ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తెలిసింది. అయినా మన ఊళ్లలో అదే మాత్రను మొదటి రోజు నుంచే మందుల షాపులో కొని మింగిన షుగర్ రోగులు ఉన్నారు. నియంత్రణలో లేని షుగర్‌కు అవసరం లేని స్టెరాయిడ్ తోడు కావడమే 2021లో బ్లాక్ ఫంగస్ అంతగా విజృంభించడానికి ఒక ముఖ్య కారణం. మీ అత్తగారి విషయంలో నేను ఎక్కువగా భయపడేది ఇందుకే.

మీ వారితో "ఆ మందు మానండి" అని వాదించకండి. ఒక ఒప్పందానికి రండి. కంట్లో మాత్రం ఏదీ వేయకూడదు, షుగర్ మాత్రలు ఒక్క పూట కూడా ఆపకూడదు. జ్వరం వచ్చిన రోజు నుంచే ఉదయం, సాయంత్రం వేలికి ఆక్సిమీటర్ పెట్టి కాగితం మీద రాసుకోండి. అంకె 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా, ఇంట్లో ఏ మందు వాడుతున్నా సరే, ఆ గంటలోనే ఆసుపత్రికి బయలుదేరాలి. గుంట నీటికి ఆక్సిజన్ అందించే ఏరియేటర్ ఆగిపోయిన రాత్రి తెల్లవారేదాకా చూద్దామని ఏ రొయ్యల రైతూ అనడు.

ప్రశ్న: 2020లో ఊళ్లన్నీ మూసి ఉంచడం వల్ల ఏమి సాధించామని మా స్నేహితుల మధ్య ఇప్పటికీ వాదన నడుస్తున్నది. కురిచేడులో శానిటైజర్ తాగి చనిపోయినవారు కరోనాతో పోయారా, లాక్‌డౌన్‌తో పోయారా అని ఒకరు అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను.
– ఒక ఉపాధ్యాయుడు, దర్శి

జవాబు: మీ స్నేహితుడి ప్రశ్న న్యాయమైనది. 2020 జూలై చివరలో, కట్టడి ప్రాంతం కావడంతో మద్యం దుకాణాలు మూతపడిన కురిచేడులో పదిమందికి పైగా శానిటైజర్ తాగి మరణించారు. మద్యానికి పూర్తిగా అలవాటు పడిన శరీరానికి అది ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, కొందరికి మూర్ఛలు వస్తాయి, మతి తప్పుతుంది. అది చికిత్స అవసరమైన జబ్బు. దుకాణానికి తాళం వేసిన రోజునే ఆ మనుషుల కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు సిద్ధంగా ఉంచి, ఇల్లిల్లూ తిరిగి జ్వరాల వివరాలు రాసుకున్న ఆశా కార్యకర్తలతోనే వారి జాబితా కూడా రాయించి ఉంటే, వారిలో కొందరైనా బతికేవారని నేను నమ్ముతున్నాను.

అయితే మూసివేత వల్ల మేలే జరగలేదని కూడా నేను అనను. మూసివేత వైరస్‌ను చంపదు, మనకు గడువు ఇస్తుంది. రాష్ట్రంలో తొలి కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థిలో బయటపడింది. అప్పటికి ఆ జబ్బు ఎలా సోకుతుందో, ఎలా చికిత్స చేయాలో మాకే సరిగా తెలియదు. దేశమంతా ఆగిన ఆ వారాలలో పరీక్షా కేంద్రాలు, పడకలు, రక్షణ దుస్తులు కొంతమేరకైనా సమకూరాయి. ఆ గడువును వాడుకున్నచోట మూసివేతకు అర్థం ఉంది, వాడుకోనిచోట కూలీలకు ఆకలి మాత్రమే మిగిలింది.

ఎలా మూయాలన్నది కూడా ముఖ్యమే. అంతా మూసి, రద్దీ ఉన్న ఒక్క చోటును తెరిచి ఉంచితే జబ్బు ఆ దారినే వస్తుంది. 2020 మే నెలలో చెన్నై కోయంబేడు కూరగాయల మార్కెట్టు నుంచి మన నెల్లూరు జిల్లాకు కేసులు వచ్చింది అలాగే. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో పగలు 12 గంటల తర్వాత కర్ఫ్యూ పెట్టినప్పుడు, రోజంతా విడివిడిగా వచ్చే జనం ఉదయం ఆరు గంటల వ్యవధిలోనే ఒక్కసారిగా బజారుకు వచ్చారు. సమయాన్ని కుదించడం కంటే మార్కెట్టును మైదానాలలోకి మార్చి దుకాణాల మధ్య ఎడం పెంచడమే మేలైన పద్ధతి. కొన్ని పట్టణాలలో రైతు బజార్లను అలా మార్చారు కూడా.

ప్రశ్న: నేను బట్టల దుకాణంలో పనిచేస్తాను. ఇప్పటికీ మాస్కు పెట్టుకుంటే తోటివారు నవ్వుతున్నారు. ఇంకా అవసరమా?
– ఒక పాఠకురాలు, చీరాల

జవాబు: 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. రోజంతా మాస్కుతో ఉండవలసిన పని ఇప్పుడు లేదు. మీకు దగ్గు, జలుబు ఉన్నప్పుడు ఇతరుల కోసం, ఆసుపత్రి వరండాలో వేచి ఉన్నప్పుడు మీ కోసం, ఇంట్లో కీమోథెరపీ తీసుకుంటున్నవారో డయాలసిస్ రోగులో ఉంటే వారి కోసం పెట్టుకోండి. గుడ్డ మాస్కు కంటే ముఖానికి బిగుతుగా కూర్చునే ఎన్95 ఎంతో మేలు. మీ దుకాణంలో ఏసీ వేసి తలుపులన్నీ బిగిస్తున్నట్లయితే, ఒక కిటికీ అయినా తెరిచి ఉంచమని యజమానిని అడగండి. ఈ వైరస్ మూసిన గదిలోని గాలిలో చాలాసేపు నిలుస్తుంది. నవ్వేవారికి ఇవన్నీ వివరించనక్కరలేదు, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారని చెప్పండి చాలు.