శాంతంగా ఉండే సిక్లిడ్‌లు ఏవి? పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి. ఇంట్లో 3 అడుగుల ట్యాంకు ఉంది, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగులు. నియాన్ టెట్రాలు, గప్పీలు, మోలీలు ఉన్నాయి. సిక్లిడ్‌లు అనే కుటుంబం చేపలు వేద్దామని షాపుకి పోతే ఆస్కార్ పిల్లలు, ఏంజెల్స్, బ్లూ రామ్‌లు చూపించి అన్నీ కలిసుంటాయి, ఏం కాదు అన్నాడు. నిజమేనా? మాది బోరు నీళ్లు.

జవాబు: ఆస్కార్ వద్దే వద్దు తమ్ముడూ. షాపులో రెండంగుళాల పిల్లలాగా ముద్దుగా ఉంటాయి కానీ అడుగు దాకా పెరిగే చేప అది, నోట్లో పట్టే చేపలన్నీ దానికి మేతే.

ఏంజెల్ వేసుకోవచ్చు, నీ ట్యాంకు ఎత్తు కూడా దానికి సరిపోతుంది. కాకపోతే అది పెద్దదయ్యాక నియాన్లని మింగేస్తుంది, గప్పీ పిల్లల్ని అసలే వదలదు. అందుకే ఏంజెల్ కావాలంటే నియాన్ల బదులు కొంచెం ఒళ్లున్న బ్లాక్ స్కర్ట్ టెట్రాలు వేసుకో, టైగర్ బార్బ్ మాత్రం పొరపాటున కూడా వద్దు, ఏంజెల్ పొడుగు రెక్కల్ని కొరికి కొరికి పెడుతుంది.

ఇంకో మాట. శాంతమైన సిక్లిడ్ అంటారే, ఆ శాంతం గుడ్లు పెట్టేదాకే. ఏంజెల్ జత కుదిరితే ఒక వెడల్పాటి ఆకునో ఫిల్టర్ పైపునో పట్టుకుని రెండూ మార్చి మార్చి నోటితో గీకి శుభ్రం చేస్తుంటాయి, అది కనబడిందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయని అర్థం, ఇంక ఆ మూలకి ఏ చేప వచ్చినా తరిమి తరిమి కొడతాయి. రామ్‌లు, క్రిబెన్సిస్‌లు అనే చిన్న సిక్లిడ్‌లు అయితే ఇదంతా నేల మీద చేస్తాయి. కాబట్టి పైన ఏంజెల్ జత, కింద ఒకే ఒక్క చిన్న సిక్లిడ్ జత, అంతకుమించి నీ 190 లీటర్లలో పెట్టొద్దు. మొక్కలు, కొయ్య ముక్కలు అడ్డం పెట్టి ఒకదానికొకటి కనబడకుండా చేస్తే సగం గొడవ తగ్గుతుంది.

కింద జతకి ఏది అంటే, బ్లూ రామ్ చూడ్డానికి చానా బాగుంటుంది కానీ దానికి మెత్తటి నీళ్లు, అంటే సున్నం తక్కువున్న నీళ్లు కావాలి. మీ బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లటి పొర కడుతోందా? కడుతుంటే ఆ నీళ్లు మోలీలకి హాయి, బ్లూ రామ్‌కి కష్టం. ఆర్‌వో నీళ్లు సగం కలపొచ్చు, కానీ వారం వారం అదే కొలతలో కలపగలను అనుకుంటేనే. లేదంటే బొలీవియన్ రామ్ లేదా క్రిబెన్సిస్ తీసుకో, రెండూ గట్టి చేపలే. కార్పొరేషన్ నీళ్లు వాడితే యాంటీ క్లోరిన్ వేయకుండా పోయొద్దు. మన ఎండాకాలంలో నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గిపోతుంది, ఎయిర్ పంపు ఆపకుండా నడుపు, మూత తీసి పైన చిన్న ఫ్యాన్ పెట్టు, ఐసు ముక్కలు మాత్రం వేయొద్దు, ఉన్నట్టుండి చల్లబడితే చేపలు తట్టుకోలేవు.

సిక్లిడ్‌లని అన్నిటికంటే చివర్లో వేయాలి. ముందే వేస్తే ట్యాంకంతా తమదే అనుకుంటాయి.

ప్రశ్న: మన దేశంలో పుట్టిన సిక్లిడ్‌లు ఏవన్నా ఉన్నాయా అన్నా? మాది చిత్తూరు, ఇక్కడ నీళ్లు చానా గట్టివి.

జవాబు: మూడే ఉన్నాయమ్మా, మూడింటినీ క్రోమైడ్‌లనే అంటారు. ఇంట్లో పెంచడానికి ఆరెంజ్ క్రోమైడ్ బాగుంటుంది. మూడంగుళాల చేప, పసుప్పచ్చ ఒళ్లు, పక్కన నల్ల చుక్క. ఉప్పు కలిసిన నీళ్లలో కూడా బతికే జాతి కాబట్టి నీ గట్టి నీళ్లకి భయపడదు, ఒకటీ రెండూ కాకుండా ఐదారు కలిపి పెంచు. గ్రీన్ క్రోమైడ్ మన పులికాట్ సరస్సులో కూడా ఉంటుంది, కానీ అది పెద్ద చేప, మూడడుగుల ట్యాంకులో ఇరుకైపోతుంది. ఈ రెండింటి సంబంధం భలే విచిత్రం, ఆరెంజ్ క్రోమైడ్ పెద్దదాని ఒంటి మీద పురుగుల్ని ఏరి తిని శుభ్రం చేస్తుంది, సందు దొరికితే దాని గుడ్లూ తినేస్తుంది.